చుక్క చుక్కగా కారు కొళాయి



రాత్రి పది గంటలు దాటి, వీధిలో బండ్ల చప్పుడు తగ్గి, ఇంటిలోని దీపములు ఆర్పిన పిదప మాత్రమే వినవచ్చు శబ్దము ఒకటి కలదు. పగలు దానిని ఎవరును గమనింపరు. పెరటి కొళాయి క్రింద ఉంచిన బకెట్టులో ఒకదాని వెంట ఒకటిగా చుక్కలు పడుచుండును. ఇంటిలోని పెద్దవారెవరో లేచి, చీకటిలో తడుముకొనుచు వెళ్లి, పిడిని బలముగా బిగించి వచ్చెదరు. శబ్దము ఆగును. మూడు దినములు గడచునప్పటికి మరల మొదలగును. ఈమారు పెద్దవారి బలము చాలదు; ఇంటిలోని యువకుడు లేవవలసి వచ్చును. ఆ తరువాతి మారు పట్టుకారు బయటికి వచ్చును. చివరకు ఒకనాటి ఉదయమున పిడి ఊడి చేతిలోనికి వచ్చును. లేదా ఎంత త్రిప్పినను కొళాయి మూసికొనదు. అప్పుడు ప్లంబరు కొరకు కబురు పంపుదురు. అతడు వచ్చి చూచి, మొత్తము కొళాయినే మార్చవలెనని చెప్పును. ఆ మాట అబద్ధము కాదు. కాని మూడు నెలల క్రిందట అది నిజము కాదు.

ఈ ప్రసంగములో మేము చెప్పదలచిన విషయము చిన్నది. కారుచున్న కొళాయిని గట్టిగా బిగించుట మరమ్మతు అనిపించుకొనదు. దాని లోపల ఒక చిన్న బిళ్ల అరిగినది, దానిని మార్చవలెను. ఆ బిళ్ల వెల హోటలులో ఒక కప్పు కాఫీ వెలకు మించదు. మార్చుటకు అలవాటు లేని చేతికి అరగంట పట్టును. సకాలమున మార్చుచుండినచో మంచి ఇత్తడి కొళాయి ఏండ్ల తరబడి పనిచేయును. మార్చక బిగించుచు పోయినచో కొలది నెలలలో పనికిరాకుండ పోవును. ఈ పనికి కండబలము అక్కరలేదు, నెమ్మది కావలెను. గృహిణులు, చదువుకొను పిల్లలు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, ఎవరైనను చేయవచ్చును. నిజమునకు బలశాలులే ఈ పనిని ఎక్కువగా చెడగొట్టుదురు.

మొదట నష్టమెంతయో కొలిచి చూతము. చుక్కలను లెక్కించుట వలన ప్రయోజనము లేదు. ఒక కొళాయి చుక్క చిన్నది, మరియొకదాని చుక్క పెద్దది. పావు లీటరు పట్టు గ్లాసును కొళాయి క్రింద ఉంచి గడియారము చూడవలెను. అది పదునైదు నిమిషములలో నిండినదనుకొందము. ఇందుకు ధార పడనక్కరలేదు. క్షణమునకు రెండు మూడు చుక్కలు పడినచో చాలును. అప్పుడు గంటకు ఒక లీటరు, దినమునకు 24 లీటర్లు, సంవత్సరమునకు 8,760 లీటర్లు పోవుచున్నవన్నమాట. మన డాబాల మీద కనబడు వెయ్యి లీటర్ల నల్లని ట్యాంకులు దాదాపు తొమ్మిది. కేంద్ర ప్రభుత్వము 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్, పల్లెలలో మనిషి ఒక్కరికి దినమునకు 55 లీటర్ల చొప్పున ఇంటింటికి నీరు చేర్చుటను లక్ష్యముగా పెట్టుకొన్నది. అనగా మన పెరటి కొళాయి ఒక మనిషి పాలు నీటిలో ఇంచుమించు సగమును, ఎవరి గొంతును తడుపకయే, మోరీలో కలిపివేయుచున్నది.

ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో కూడ తలచుకొనవలెను. హైదరాబాదు నగరమునే చూతము. 1908లో మూసీ నది పొంగి నగరమును ముంచిన పిదప, వరదను అదుపులో ఉంచుటకును, నగరమునకు త్రాగునీరు ఇచ్చుటకును రెండు జలాశయములు కట్టిరి. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ఉస్మాన్ సాగరమునే జనులు గండిపేట చెరువు అందురు. గండిపేట నీరు త్రాగినవాడు నగరము విడిచిపోడని అక్కడివారి నానుడి. ఆ నీరు నగరమునకు దగ్గరిది. జనము పెరుగగా అది చాలలేదు. మంజీరా నీరు వచ్చినది, అదియును చాలలేదు. 2004లో నాగార్జున సాగరము నుండి కృష్ణా జలము వచ్చినది. 2015లో ఎల్లంపల్లి నుండి గోదావరి జలము వచ్చినది. ఈ రెండు నదుల నీరును నూరేసి కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో ప్రయాణము చేసి నగరమునకు చేరుచున్నది.

దూరము ఒక్కటియే అయిన బాగుండును. నాగార్జున సాగరము పూర్తిగా నిండినప్పుడు దాని నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల ఎత్తున ఉండును. హైదరాబాదు సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉన్నది. నీరు పల్లమెరుగునని మనవారు ఏనాడో చెప్పిరి. మిట్టను ఎక్కుమన్నచో దానికి విద్యుచ్ఛక్తి కావలెను. నల్లగొండ జిల్లాలో అక్కంపల్లి జలాశయమునకు ఎత్తిపోసి, కోదండాపురమున శుద్ధిచేసి, అక్కడినుండి మరల అంచెలంచెలుగా పైకి నెట్టుకొని రావలెను. వెయ్యి లీటర్ల నీటిని పదునొకండువందల అడుగులు పైకెత్తుటకు, యంత్రములలోను గొట్టములలోను పోవు నష్టము లెక్కింపకున్నను, ఇంచుమించు ఒక యూనిట్ విద్యుత్తు పట్టును. నష్టములు కూడ కలిపినచో ఇంకను ఎక్కువ. అంత కష్టపడి కొండనెక్కిన కృష్ణమ్మ, మన యింటి గుమ్మము వరకు వచ్చి, ఒక రబ్బరు బిళ్ల అరిగినందున మోరీ పాలగుచున్నది.

ఇక కొళాయి సంగతి. కోస్తాలో కొళాయి అనియు కుళాయి అనియు అందురు. తెలంగాణమున నల్లా అందురు. పంపు అనువారును పెక్కుమంది కలరు. తమిళమున గొట్టమును కుళాయ్ అందురు గనుక మన కొళాయి దానికి చుట్టమని చెప్పవచ్చును. పేరు ఏదైనను లోపలి అమరిక ఒక్కటియే. పిడిని త్రిప్పి త్రిప్పి మూయు ఈ మరకొళాయి ఇంగ్లండు దేశమున రోథర్‌హామ్ పట్టణములోని గెస్ట్ అండ్ క్రైమ్స్ అను ఇత్తడి పోతపనివారి వద్ద 1845లో పుట్టినది. నూట డెబ్బది యేండ్లు దాటినను దాని రూపము పెద్దగా మారలేదు. మన దేశమున ఇట్టి కొళాయిలకు ఐ.ఎస్. 781 అను ప్రమాణము కలదు. కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి కొనుట మంచిది. ముద్ర లేనిది చేతికి తేలికగా ఉండును. తేలికగా ఉండుటయే దాని దోషము.

దాని లోపల ఏమున్నదో ఊహించుకొనుడు. గోడలోని గొట్టము నుండి వచ్చిన నీరు కొళాయి కడుపులో ఒక గుండ్రని రంధ్రము గుండ పైకి వచ్చి, పిదప ముక్కు గుండ క్రిందికి పడును. ఆ రంధ్రము చుట్టు ఉన్న నున్నని ఇత్తడి అంచును పనివారు సీటు అందురు. పిడికి తగిలించియున్న ఇత్తడి కడ్డీని స్పిండిలు అందురు. దానిమీద మరచుట్లు ఉండును గనుక, పిడి త్రిప్పినకొలది అది క్రిందికి దిగును, లేక పైకి లేచును. స్పిండిలు కొనయందు రూపాయి కాసుకన్న చిన్నదియగు ఒక ఇత్తడి పలక, ఆ పలక అడుగున వాషరు అను మెత్తని బిళ్ల ఉండును. మనము కొళాయి కట్టినప్పుడు ఆ బిళ్ల సీటుపై కూర్చుండి రంధ్రమును మూయును. నీటిని ఆపునది ఇత్తడి కాదు, ఆ మెత్తని బిళ్ల. కుండమీద మూత ఒరిగినచో ఆవిరి ఎట్లు తప్పించుకొనునో, ఆ బిళ్లలో ఏ చిన్న గాడి పడినను నీరు అట్లే తప్పించుకొనును.

గాడి ఎందుకు పడును? మన యూళ్లలో నీరు రోజంతయు రాదు. గంటో రెండు గంటలో వచ్చి నిలిచిపోవును. కొన్నిచోట్ల దినము విడిచి దినము వచ్చును. గొట్టము ఖాళీయై మరల నిండునప్పుడు దానిలోని త్రుప్పు, ఇసుక రేణువులు కదలి నీటితోపాటు వచ్చును. అట్టి రేణువు ఒకటి సీటుకును బిళ్లకును నడుమ చిక్కుకొనును. కొళాయి సరిగా కట్టుపడదు, చుక్క పడును. ఆ క్షణమున కొళాయిని పూర్తిగా తెరచి నీరు ధారాళముగా పోనిచ్చినచో రేణువు కొట్టుకొనిపోయి రోగము అక్కడితో తీరును. మనము అట్లు చేయము. పిడిని ఇంకను బిగింతుము. రేణువు బిళ్లలోనికి దిగబడి గాడి చేయును. ఆ సన్నని గాడి గుండ నీరు మిక్కిలి వేగముగా పరుగెత్తును. అట్లు పరుగెత్తు నీరు నెలల తరబడి రాచి రాచి ఇత్తడి అంచును సైతము కోసివేయును. బిళ్ల చెడినంతవరకు పని సులభము. సీటు చెడిన తరువాత పని కష్టము. కావున బిగించు చేతిని ఆపుకొనవలెనని మేము మొదటనే చెప్పితిమి.

మరమ్మతుకు ముందు, నీరు ఎక్కడ కారుచున్నదో గుడ్డతో తుడిచి చూడవలెను. కొళాయి కట్టియున్నప్పుడు ముక్కునుండి చుక్కలు పడినచో దోషము వాషరుది, లేదా సీటుది. తెరచినప్పుడు మాత్రమే పిడి క్రిందినుండి నీరు చిమ్మినచో దోషము స్పిండిలు చుట్టు ఉండు కూరుడుది. కొళాయి గోడను కలియుచోట తడి కనబడినచో దోషము మరచుట్ల అతుకుది. ఈ మూడింటికి మందులు వేరు వేరు. స్నానపు గదిలోని షవరు నుండి కట్టిన తరువాత రెండు మూడు నిమిషములు చుక్కలు పడి ఆగినచో అది రోగమే కాదు. గొట్టములో నిలిచిన నీరు దిగుచున్నదంతే. దానికై కొళాయిని బిగించి చంపుకొనకుడు.

కావలసిన సరకులు స్వల్పము. పలుకలను పట్టునట్లు వెడల్పు మార్చుకొను పానా ఒకటి, ఇంకొక పానా గాని పైపు రెంచి గాని ఒకటి, మరమేకులు త్రిప్పు స్క్రూడ్రైవరు, చిన్న పట్టుకారు, పాత గుడ్డలు. సామానుల దుకాణమున అర అంగుళపు కొళాయి వాషరు అని అడిగినచో ఇత్తురు. పెరటి కొళాయిలు చాలవరకు అర అంగుళము, అనగా 15 మిల్లీమీటర్లవి. ముప్పాతిక అంగుళపువియు లేకపోలేదు. కనుక పాత వాషరును ఊడదీసి దుకాణమునకు పట్టుకొనిపోవుట ఉత్తమము. పలకతో సహా అమ్మునవి దొరకినచో వానిని తీసికొనుట మేలు. పాత పలకమీది నట్టు త్రుప్పుపట్టి కదలదను చిక్కు ఉండదు. నాలుగు కొని ఒక డబ్బాలో వేసి ఉంచుకొనుడు. ఒక కొళాయి కారుటకు మొదలిడిన ఇంటిలో తక్కినవియును అదే వయసువై యుండును.

పాత రోజులలో చన్నీళ్లకు తోలు వాషర్లు వాడెడివారు. ఇప్పుడు రబ్బరు, నైలాను బిళ్లలు వచ్చినవి. కొందరు పాత హవాయి చెప్పును గుండ్రముగా కోసి వాషరుగా వేయుదురు. ఆ ఉపాయమును మేము ఎగతాళి చేయము. ఆదివారమునాడు దుకాణములు మూసియున్నప్పుడు అది ఇల్లు కాపాడును. కాని చెప్పు రబ్బరు మరీ మెత్తన. సీటు అంచు దానిలో దిగబడి నాలుగు వారములలో కోసివేయును. సైకిలు ట్యూబు ముక్క అంతకన్న పలుచన. సోమవారమునాడు వానిని తీసి అసలు వాషరు వేయవలెను. మన యిండ్లలో ఆ సోమవారమే రాదు.

ఇక పని ప్రారంభింతము. మొదట నీరు కట్టవలెను. మేడమీది ట్యాంకు నుండి వచ్చు గొట్టమునకు గేటు వాల్వు ఉండును, దానిని మూయవలెను. మునిసిపల్ నీరు నేరుగా వచ్చు కొళాయి అయినచో మీటరు దగ్గరి వాల్వును మూయవలెను. అది లేనియెడల నీరు రాని వేళ చూచుకొని పని పెట్టుకొనవలెను. ఏండ్ల తరబడి కదలింపని గేటు వాల్వు మొండికేయును. దానిని ఒక్క పట్టున త్రిప్పక, కొంచెము ముందుకు కొంచెము వెనుకకు ఆడించుచు మూయవలెను. గీజరు ఉన్న స్నానపు గది అయినచో అన్నింటికంటె ముందు దాని స్విచ్చి ఆర్పవలెను. పిదప ఇంటిలో అన్నిటికంటె క్రిందుగా ఉన్న కొళాయిని తెరచి గొట్టములోని నీరు పూర్తిగా కారిపోనీయవలెను. చివరకు మోరీ జల్లెడపై గుడ్డ కప్పవలెను. చిన్న మరమేకు ఒకటి అందులో పడినచో అరగంట పని అరదినము పట్టును.

పిడి నడుమనున్న మూతను గోటితో గాని స్క్రూడ్రైవరు కొనతో గాని లేపినచో క్రింద మరమేకు కనబడును. దానిని తీసి పిడిని పైకి లాగవలెను. రాకున్నచో సుత్తితో కొట్టకుడు. మరుగునీరు పోసి కొంతసేపు ఉంచినచో సున్నపు పొర సడలి వచ్చును. కొన్ని రకముల పాత కొళాయిలలో పిడి తీయకయే తల ఊడదీయవచ్చును. తల యనగా కొళాయి దేహముపై బిగించియున్న ఆరు పలుకల భాగము. దానిని విప్పుటకు ముందు స్పిండిలును తెరచు దిశకు రెండు చుట్లు త్రిప్పి ఉంచవలెను. మూసియుంచి విప్పినచో వాషరు సీటుపై ఒత్తుకొని, తల కదలదు. కదలినను మరచుట్లు చెడును.

శ్రోతలు ఇప్పుడు ప్రత్యేకముగా వినవలసిన మాట ఒకటి. తలను విప్పుట ఒంటిచేతి పని కాదు. ఒక పానా తలమీద, రెండవ పానా కొళాయి దేహముమీద ఉండవలెను. ఒకటి విప్పుచుండగా రెండవది కొళాయిని కదలనీయక ఎదురు పట్టవలెను. ఈ రెండవ పానా లేకుండ బలము ఉపయోగించినచో తల విడిపోవుటకు బదులు మొత్తము కొళాయి తిరుగును. దానితోపాటు గోడలోని గొట్టము తిరుగును. పాత ఇనుప గొట్టము అయినచో త్రుప్పుపట్టిన మరల వద్ద గోడలోపలనే విరుగును. ప్లాస్టిక్ గొట్టము అయినచో మూల అతుకు బీటలు వారును. అప్పుడు వాషరు పని కాస్త గోడ పగులగొట్టు పనియగును. పలకరాళ్లు, సిమెంటు, మేస్త్రీ, రంగు, ఒకదాని వెనుక ఒకటి వచ్చును. కొళాయి మరమ్మతు మొదలుపెట్టి ఇల్లు బాగుచేసికొన్నారని ఇరుగుపొరుగువారు నవ్వుకొను సందర్భములు చాలవరకు ఈ ఎదురుపట్టు లేనందువలన వచ్చినవే. రెండవ పానాను ఇంకొకరి చేతికి ఇచ్చినచో మరియు మంచిది. ఈ పని దంపతులు ఇరువురును కలిసి చేయదగినది. ఎవరు త్రిప్పవలెను, ఎవరు పట్టవలెను అను తగవును మాత్రము నీరు కట్టక ముందే తీర్చుకొనవలెను.

పానా పండ్లు మెరుగు పూతను గీరకుండ నడుమ గుడ్డ చుట్టుడు. తల కదలిన తరువాత చేతితోనే ఊడివచ్చును. దానిని తలక్రిందుగా చూచినచో అడుగున పలక, దానికి వాషరు కనబడును. కొన్నిమార్లు పలక కొళాయి కడుపులోనే ఉండిపోవును, పట్టుకారుతో తీయవలెను. పాత వాషరును చేతిలోనికి తీసికొని పరీక్షింపుడు. దానిపై గుండ్రని పల్లము, ఒకవైపు తెగిన గాడి, కొన్నిచోట్ల అందులో దిగబడిన ఇసుక రేణువు కూడ కనబడును. ఇన్నాళ్లు నిద్ర చెడగొట్టినది అదియే. దానిని పట్టియుంచిన చిన్న నట్టును విప్పి, పలకను శుభ్రపరచి, క్రొత్త వాషరును సమముగా కూర్చి నట్టును బిగింపుడు. వాషరు వంగునంత బిగింపు తగదు, కదలకుండినచో చాలును.

క్రొత్త వాషరు వేసిన వెంటనే తలను బిగింపకుడు. ఇక్కడనే పెక్కుమంది తొందరపడుదురు. చిటికెనవ్రేలిని కొళాయి లోపలికి పోనిచ్చి సీటు అంచును చుట్టును తడిమి చూడవలెను. నున్నగా తగిలినచో అదృష్టము. ఒకచోట గీర, లేక గంటు తగిలినచో క్రొత్త వాషరు కూడ కొన్నివారములలో కోతపడును. వ్రేలు దూరనిచో దీపము వేసి చూడవచ్చును. సున్నపు గడ్డ మాత్రమే అంటియున్నచో మెత్తని కర్రముక్కతో గీకివేయవలెను, ఇనుముతో గీకరాదు. నిజముగ గంటు పడినచో ప్లంబరును పిలువవలెను. సీటు అంచును చెక్కి సమము చేయు పనిముట్టు కలదు. అది కలిగియున్నవాడు పది నిమిషములలో పని ముగించును. లేనివాడు క్రొత్త కొళాయి కొనుమనును. మనము ముందుగనే ఆ పనిముట్టు ఉన్నదాయని అడిగితిమేని, మనకు విషయము తెలియునని అతనికిని తెలియును.

తలను మరల బిగించునప్పుడు స్పిండిలు పైకి లేచియే ఉండవలెను. మరచుట్లు వంకరగా పట్టకుండ మొదటి చుట్లు చేతితోనే త్రిప్పి, చివరి పట్టు మాత్రము పానాతో ఇయ్యవలెను, ఎదురుపట్టు మరువరాదు. పిదప కొళాయిని తెరచియే ఉంచి, మేడమీది వాల్వును కొంచెము కొంచెముగా విప్పవలెను. మొదట గాలి, తరువాత ఎర్రని నీరు, పిదప తెల్లని నీరు వచ్చును. ఆ మురికి పోయిన తరువాతనే కొళాయి కట్టవలెను. ముందే కట్టినచో క్రొత్త వాషరులో పాత ఇసుకను మనచేతులతో మనమే నాటినట్లగును.

పిడి క్రిందినుండి కారు నీటికి చికిత్స ఇంకను సులభము. స్పిండిలు చుట్టు ఉన్న చిన్న గ్లాండు నట్టును పావుచుట్టు బిగించి చూడవలెను. చాలవరకు అంతటితో ఆగును. ఆగకున్నచో నట్టును పైకి తీసి, లోపల అరిగిన కూరుడును లాగివేసి, వాసలైను పూసిన నూలుదారమును స్పిండిలు చుట్టు నాలుగైదు చుట్లు చుట్టి నట్టు బిగింపవలెను. కూరుడుకు బదులు రబ్బరు ఉంగరము ఉన్న కొళాయిలకు వాసలైను పూయరాదు. దానివలన కొన్ని రబ్బరులు ఉబ్బిపోవును. గోడదగ్గరి అతుకు కారినచో కొళాయిని మొత్తము ఊడదీసి, మరచుట్ల కొన మన ముఖమువైపు ఉండునట్లు పట్టుకొని, గడియారపు ముల్లు తిరుగు దిశలో తెల్లని టెఫ్లాన్ టేపును లాగి చుట్టవలెను. ఎదురు దిశలో చుట్టినచో బిగించునప్పుడు టేపు విడిపోవును. మునుపు దీనికి నారయు, సఫేదాయు వాడెడివారు. సఫేదాలో సీసముండెడిది; త్రాగునీటి గొట్టములకు అది పోయినదే మేలు.

ఈ మధ్య క్రొత్త ఇండ్లలో పావుచుట్టు త్రిప్పగనే తెరచుకొను కొళాయిలు వచ్చినవి. వీనిలో వాషరు, సీటు ఉండవు. రెండు నున్నని పింగాణి బిళ్లలు ఒకదానిపై ఒకటి జరుగుచు నీటిని ఆపును. ఇసుకవలన ఇవి తొందరగా అరుగవు గాని, బోరు నీటిలోని సున్నము పేరుకొన్నచో మూసికొనవు. లోపలి గుళికను తీసి, వెనిగారులో గాని నిమ్మరసము కలిపిన నీటిలో గాని కొంతసేపు నానబెట్టి కడిగినచో కొన్ని బాగుపడును. బాగుపడనివానికి గుళికనే మార్చవలెను. పండ్ల సంఖ్యయు, పొడవును ఒక్కొక్క తయారీకి ఒక్కొక్క విధముగా ఉండును గనుక పాతదానిని చూపకుండ క్రొత్తది కొనకూడదు. వీనిని బిగించుట వలన ఏమియు ప్రయోజనము లేదు. పావుచుట్టు దాటి బిగింపు అనునదే వానికి లేదు.

అద్దె ఇండ్లలో మరియొక చిక్కు కలదు. కొళాయి ఇంటివారిదనియు, కారు నీరు తమది కాదనియు అద్దెకున్నవారు ఊరకుందురు. వాడుకొనువారే చూచుకొనవలెనని ఇంటివారు ఊరకుందురు. కాఫీ వెల చేయని బిళ్ల కొరకు రెండు కుటుంబములు ఆరునెలలు మొగములు ముడుచుకొని తిరుగుటను మేము ఎరుగుదుము. కేంద్ర ప్రభుత్వము 2021లో రాష్ట్రములకు మాదిరిగా పంపిన అద్దె చట్టము ఈ తగవును సైతము తలపోసినది. ఒడంబడికలో వేరుగా వ్రాసికొననిచో కొళాయి వాషర్లు, కొళాయిలు మార్చుట అద్దెకున్నవారి పని. గొట్టములు మార్చుట ఇంటి యజమాని పని. ఆ విభజన మాకు న్యాయముగనే తోచుచున్నది. వాషరును మార్చక ఆలసించినచో చివరకు గొట్టము వంతు వచ్చునని ఇంటివారును ఎరిగియుండుట మంచిది.

కొళాయిలన్నియు బాగుచేసినను నీటి లెక్క తగ్గనిచో చప్పుడు చేయక కారునది వేరొకటి ఉన్నదని గ్రహింపవలెను. అది మరుగుదొడ్డిలోని ఫ్లష్ ట్యాంకు. రాత్రి అందరు పండుకొను వేళ ఆ ట్యాంకులో బట్టలకు వేయు నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంటసేపు ఎవరును దానిని వాడకుండ ఉండవలెను. క్రింది పింగాణి తొట్టిలోని నీరు నీలిరంగు తిరిగినచో ట్యాంకు అడుగునఉన్న రబ్బరు బిళ్ల అరిగినది. దానిని మార్చుటకు చాలవరకు పానా కూడ అవసరముండదు.